సార్వవాగిలో వదిలేసిన పొయ్యిరాళ్ళు

పోయిన వారం ఈ పత్రికలో మీరు మమ్మల్ని ఎక్కడ వదిలి వెళ్ళారో మేమింకా అక్కడే ఉన్నాం. మా వంటింట్లో, చల్లారిపోయిన కాఫీ ముందు, ఈ ఎల్లె అనే నేనూ, మా రిస్తెన్ అక్కా. అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆమె డాక్యుమెంటరీలు తీస్తోంది, ముప్ఫయ్యేళ్ళుగా నేను పక్కన మైకు పట్టుకుని నిలబడుతున్నాను. ఉత్తర ధ్రువం అంచున రెయిన్‌డీర్ జింకల్ని మేపుకుని బతికే మా సామీ వాళ్ళ భూముల గోడు మీద ఆమె తీసినవి పదకొండు. పన్నెండోది మా సొంత లోయ గురించి. సార్వవాగిలో గాలిమరలు పాతడానికి ఒక కంపెనీ దిగింది. ఆ లోయ తరతరాలుగా మందలు కలిసి మేపుకునే మా జట్టుదని మేమంటున్నాం. అయితే మీరక్కడ బతికిన ఆనవాలు ఒక్కటైనా చూపించండని వాళ్ళంటున్నారు. సంగతి తేల్చడానికి ప్రభుత్వం వేసిన భూమి సంఘం వాళ్ళు శుక్రవారం స్వయంగా లోయకే వస్తున్నారు. ఇంతలో మా లాయరు బెరిత్ ఎగిరి గంతేస్తూ ఒక ఫొటో పంపింది. లోయలో గుండ్రంగా పేర్చిన తొమ్మిది రాళ్ళు, మధ్యలో మసి. పాత పొయ్యి దొరికింది, ఇక గెలిచినట్టే అని కింద రాసింది. అది చూసి అక్క మొహం పాలిపోయింది. కంప్యూటరు మూసేసి, "ఆ పొయ్యి నాది" అంది.

నాకేమీ అర్థం కాలేదు. జట్టుదంటే నీదే కదా, దానికి గుండెలు బాదుకోవడమెందుకు అన్నాను. అక్క చల్లారిన కాఫీనే తాగింది. ఆమెకి చల్లటి కాఫీ అంటే అసహ్యం. అప్పుడు తెలిసింది నాకు, వ్యవహారం చిన్నది కాదని.

మా వాళ్ళకొక పట్టుదల ఉంది. మందతో పాటు కదిలేటప్పుడు గుడారం పీకి, పొయ్యి ఎత్తి, రాళ్ళని ఏ గుంటలోంచి తెచ్చామో ఆ గుంటలోనే పెట్టేసి వెళ్తాం. బూడిద మీద మట్టి, మట్టి మీద నాచు. మర్నాడు అటు వచ్చినవాడికి ఇక్కడ మనుషులు దిగారని తెలియకూడదు. తెలిసిందా, తల వంపులే. ఫలానా వాళ్ళ కోడలికి పొయ్యి ఎత్తడం రాదట అని పక్క జట్టు వాళ్ళు రెండు తరాలు చెప్పుకుంటారు. దీనికో నియమం కూడా ఉంది. పొయ్యి పెట్టిన చెయ్యే పొయ్యి తీయాలి. ఇంకొకరి పొయ్యి జోలికి ఇంకొకరు పోరు.

ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట, ఇరవై మూడేళ్ళ వయసులో, అక్క తన మొదటి సినిమా కోసం పట్నం నించి ఒక కెమెరామన్‌ని వెంటబెట్టుకుని అమ్మమ్మ దగ్గరికి సార్వవాగి వెళ్ళింది. వాళ్ళు చేరేసరికే అమ్మమ్మ పొయ్యి ఎత్తేసి, రాళ్ళు సర్దేసి, మూటలు కట్టుకుని కూర్చుంది. కెమెరామన్‌కి పొయ్యి కావాలి. వెనక కొండ కనిపించాలి, వెలుతురు బాగుండాలి. అక్క ఏటి ఒడ్డున దొరికిన తొమ్మిది రాళ్ళు తనే మోసుకొచ్చి, మిట్ట మీద పేర్చి, మంట వేసి, అమ్మమ్మని పక్కన కూర్చోబెట్టింది. ఇక్కడ ఎవరైనా పొయ్యి పెడతారుటే, పొగంతా కళ్ళలోకే కదా అని అమ్మమ్మ నవ్వుతూనే కాఫీ కాచింది. సినిమాలో ఆ ముక్క చూసిన వాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. 'ఇది మా అమ్మమ్మ పొయ్యి' అని అక్క గొంతు వెనకనించి వినిపిస్తుంది. దానికి బహుమతి కూడా వచ్చింది. ఆ రోజు చెరువు నీళ్ళ మీద దిగిన చిన్న విమానం వెళ్ళిపోతానని తొందరపెడితే, అక్క రాళ్ళని అలాగే వదిలేసి ఎక్కేసింది.

మళ్ళీ వెళ్ళి తీస్తానని అమ్మమ్మకి మాటిచ్చిందట. వెళ్ళలేదు. మొదట్లో తీరిక లేక, తర్వాత మొహం చెల్లక.

"ఇప్పుడు లోయ మొత్తానికీ కంటికి కనిపించే పొయ్యి అదొక్కటే" అంది అక్క. "దొంగ పొయ్యి. నేను పెట్టింది. దాని మీదే మన కేసు నిలబడింది."

ఊరుకుంటే ఎవరికి తెలుస్తుందన్నాను నేను. అన్నాను, నిజమే, దాచుకోవడమెందుకు? మా అక్క సినిమాల చరిత్ర మీకు తెలియనిది కాదు. నది మీద తీసింది, ఆనకట్ట కట్టేశారు. కొండ మీద తీసింది, గని తవ్వేశారు. రిస్తెన్ కెమెరా పట్టుకుని దిగిందంటే ఆ భూమికి నీళ్ళొదులుకోవాల్సిందే అని మా వాళ్ళు మొహం మీదే వేళాకోళం చేస్తారు. ఆమె కూడా నవ్వుతుంది కానీ ఆ నవ్వు ఎంత లోతునించి వస్తుందో పక్కనుండి విన్నదాన్ని నాకు తెలుసు. ఒక్కసారైనా గెలిచి చావాలని నాకూ ఉంది. అక్క నా మాటకి కోప్పడలేదు. కోటు వేసుకుని, పద, మామయ్య దగ్గరికి వెళ్దాం అంది.

యోవ్నా మామయ్య మా అమ్మల తమ్ముడు. ఎనభై ఆరేళ్ళు. ఆ లోయలో పుట్టి పెరిగినవాళ్ళలో ఇంకా బతికున్నది ఆయనొక్కడే. అక్కతో మాట్లాడతాడు, మోకాలి నొప్పి ఎలా ఉందని అడుగుతాడు, మాంసం పంపిస్తాడు. కెమెరా బయటికి తీస్తే మాత్రం లేచి వెళ్ళిపోతాడు. పదకొండు సినిమాల్లో ఎక్కడా ఆయన వీపు తప్ప మొహం కనిపించదు. ఎందుకో ఆయన చెప్పలేదు, అక్క అడగలేదు. ఆయన స్వభావమంతే అని నేను సరిపెట్టుకున్నాను.

దూడలకి చెవి గుర్తులు వేసే రోజులవి. దొడ్డి చుట్టూ మూడు వందల రెయిన్‌డీర్లు గిరగిరా తిరుగుతున్నాయి, తల్లి ఒకవైపు అరిస్తే దూడ ఇంకోవైపు. మామయ్య ఇప్పుడు తాడు విసరలేడు. గుడారంలో పొయ్యి పక్కన కూర్చుని, విసిరే కుర్రాళ్ళ చేతగానితనం మీద వ్యాఖ్యానం చేస్తూ ఉంటాడు. మమ్మల్ని చూడగానే కాఫీ వంచి, మా వాళ్ళ అలవాటుగా అందులో గట్టి జున్ను ముక్కలు వేసి, ఎండు మాంసం కోసి పలక మీద పెట్టాడు. కాసేపు దోమల గురించీ, ఈ ఏడు దూడల గురించీ మాట్లాడుకున్నాం. ఎన్ని దూడలని మాత్రం అడగలేదు. మా వాళ్ళలో అది బ్యాంకులో ఎంతుందని అడిగినట్టే, అంత మర్యాద మాకూ ఉంది.

కత్తి తుడుచుకుంటూ ఆయనే మాట ఎత్తాడు.

"లాయరు పిల్ల ఫోను చేసింది. పొయ్యి దొరికిందట. ఎవరిదీ అని అడిగింది."

"ఏం చెప్పావు మామయ్యా?"

"గాలికెదురుగా పొయ్యి పెట్టే తెలివి మా ఇంటా వంటా లేదు, ఒక్కదానికి తప్ప అని చెబుదామనుకున్నా. నోటి దాకా వచ్చి ఊరుకున్నా. అది నువ్వు చెప్పాల్సిన మాట."

అక్క తల వంచుకుంది. నువ్వైనా దాన్ని తీసేసి ఉండాల్సింది అని గొణిగింది. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"నేను పెట్టానా?" అన్నాడు మామయ్య. గొంతు పెంచలేదు. "ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఏటా ఆకులు రాలే కాలంలో ఆ రాళ్ళని చుట్టి నడుస్తున్నా. నా వెనక మంద కూడా చుట్టి నడుస్తోంది. జింకలకి తెలుసు అది తప్పని."

తర్వాత చెప్పిందే అక్కని కోసేసింది. అమ్మమ్మ ఆ తర్వాత ఇంకో తొమ్మిదేళ్ళు బతికింది. తొమ్మిదేళ్ళూ లోయకి వెళ్ళింది. వెళ్ళినప్పుడల్లా ఆ మిట్ట కేసి చూసి, ఈ ఏడు రిస్తెన్ వస్తుందిరా, కాఫీకి నీళ్ళు కాస్త ఎక్కువ పెట్టు అనేదట. ఆయన పెట్టేవాడట. మిగిలిన కాఫీ తనే తాగేవాడట. ఆఖరి ఏడు ఆవిడ కొండ ఎక్కలేక మోటారు బండి వెనక కూర్చుని వెళ్ళింది, ఆ మాటే అంది.

"సినిమా తీశావని నాకు కోపం లేదు. అమ్మని బొమ్మలా కూర్చోబెట్టావని కూడా లేదు, ఆవిడకది సరదాగానే ఉంది" అన్నాడు. "వస్తానన్నావు. రాలేదు. అంతే."

అక్క ఏడ్చింది. అరవై ఒక్కేళ్ళ మనిషి, ఎన్నో దేశాల వేదికలెక్కిన మనిషి, ముక్కు చీదుకుంటూ చిన్నపిల్లలా ఏడ్చింది. నాకు ఆమె మీద కోపం వచ్చింది, జాలి వేసింది, మామయ్య మీద కూడా కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకునే బదులు ఒక ఉత్తరం ముక్క రాసి ఉండొచ్చుగా? కానీ మా వాళ్ళు అలా రాయరు. ఎదుటి మనిషికి దానంతటదే తెలియాలని కూర్చుంటారు.

కన్నీళ్ళు తుడుచుకున్నాక అక్క అసలు పని మాట్లాడింది. శుక్రవారం సంఘం ముందు నిజం చెప్పేస్తానంది. అప్పుడు చేతిలో ఏమీ మిగలదు కాబట్టి, నిజం పొయ్యిలు ఎక్కడుండేవో మామయ్య వచ్చి నోటితోనైనా చెప్పాలని బతిమాలింది. ఆయన నవ్వాడు.

"మనం ఉన్నామని వాళ్ళకి కనిపించాలి. మనమేమో కనిపించకుండా పోవడానికే జీవితమంతా కష్టపడ్డాం. ముసలాడు వేలు చూపిస్తే గడ్డి కనిపిస్తుంది, ఇంకేం కనిపిస్తుంది?" అని, ఉన్నట్టుండి అడిగాడు. "నువ్వెప్పుడైనా పొయ్యి ఎత్తావుటే?"

లేదంది అక్క. నేనూ లేదన్నాను. మా తరమంతా హాస్టలు సరుకు. మంద కొండలు దిగి కదిలే వేళకి మేము బడి గంటకి వరసలో నిలబడి, మా భాష మాట్లాడితే చీవాట్లు తింటూ ఉండేవాళ్ళం. పొయ్యి ఎత్తాలని తెలుసు. ఎలా ఎత్తుతారో చేత్తో చేసి ఎరగం.

మామయ్య రెండు కట్టెలతో పొయ్యి అంచులోంచి ఒక రాయిని లాగి అక్క ముందుకి దొర్లించాడు. బయటివైపు బూడిదరంగు నాచు, చెక్కు చెదరకుండా ఉంది. మంటకేసి ఉన్న వైపు బొగ్గులా నల్లగా, పగుళ్ళలో ఎర్రగా ఉంది.

"దీన్ని మళ్ళీ దాని గుంటలో పెట్టాలి. ఏ మొహం పైకి పెడతావు?"

"నాచు మొహం" అంది అక్క.

"మరి నల్ల మొహం?"

నల్ల మొహం మట్టిలోకే పోతుందని నాకప్పుడు వెలిగింది. ఎన్నిసార్లు నడిచాం ఇలాంటి లోయల్లో, ఎన్ని రాళ్ళ మీద కూర్చుని సాండ్‌విచ్‌లు తిన్నాం, ఇక్కడేమీ లేదు అనే అధికారుల మాటలు ఎన్ని రికార్డు చేశాను. అమ్మమ్మలూ వాళ్ళ అమ్మమ్మలూ దేన్నీ చెరపలేదు, బోర్లించి వెళ్ళారు. పైన నాచు పెరుగుతూ వచ్చింది, కింద మసి మసిలాగే ఉండిపోయింది. ఈ సంగతి పుస్తకాలు రాసిన వాళ్ళకి తెలియదు. మా ఊళ్ళో ముసలాళ్ళకి తెలుసు, కానీ అది చెప్పుకోవాల్సిన విషయమని ఒక్కరికీ తోచలేదు.

ఎన్ని చోట్ల ఉంటాయని అక్క అడిగింది. పడుకోబెట్టిన రాయిని లేపకూడదన్నది మా అమ్మ మాట, అన్నాడు. ఇంతవరకు తను లేపలేదు. లేపుతానని ఇప్పుడు కూడా మాటివ్వలేనన్నాడు. ఒకటి మాత్రం ఖాయంగా చెప్పాడు.

"ముందు నువ్వు నీది తియ్యి. అందరి ముందూ తియ్యి. ఆ కెమెరా డబ్బా ఎల్లె పట్టుకుంటుంది, నువ్వు దాని ముందుండు. ఆ తర్వాత నా మనసు ఏమంటుందో అప్పుడు చూద్దాం."

దారిలో అక్క బెరిత్‌కి ఫోను చేసింది. ఆ సంభాషణంతా ఇక్కడ రాస్తే పత్రిక వాళ్ళు వేసుకోరు. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ మన చేత్తో మనమే తీసిపారేస్తామా అని ఆ పిల్ల అరిచింది. ముసలాయన తిప్పనంటేనో? తిప్పితే వానలకి కడుక్కుపోయి తెల్లగా ఉంటేనో? మూడేళ్ళ తన కష్టం ఏ గంగలో కలవాలి? ప్రశ్నలన్నీ న్యాయమైనవే. అక్క అన్నిటికీ అవును బెరిత్, నిజమే బెరిత్ అంది, కానీ మాట మార్చుకోలేదు.

శుక్రవారం తొమ్మిదింటికల్లా హెలికాప్టరు దిగింది. మేమిద్దరం, బెరిత్, మామయ్య అప్పటికే లోయలో ఉన్నాం. సంఘం అధ్యక్షురాలు పొడుగాటి మనిషి, తీరప్రాంతంలో పంతులమ్మ కూతురట, మా భాష మంచు మీద నడిచినట్టు జాగ్రత్తగా మాట్లాడుతుంది. ఆమె వెనక ఇద్దరు సభ్యులు, రాసుకునే గుమస్తా, కొత్త బూట్లతో కంపెనీ లాయరు. అతని చేతిలో ఒక పలకలాంటి కంప్యూటరు ఉంది. ఎందుకో దాన్ని గుండెకి హత్తుకుని మరీ దిగాడు.

అక్క వాళ్ళని మిట్ట మీదికి తీసుకెళ్ళింది. నేను కెమెరా ఎత్తాను. మైకు పట్టుకునే చేతులకి కెమెరా బరువు కొత్త. గాలి విసురుకి చెవుల్లో పెట్టుకున్న యంత్రంలో హోరు తప్ప ఏమీ వినపడటం లేదు. అక్క గొంతు మాత్రం తెలిసింది.

"మా లాయరు మీకు చూపించిన పొయ్యి ఇదే. ఇది మా పూర్వులది కాదు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట సినిమా కోసం నేను పెట్టాను. ఇది మా అమ్మమ్మ పొయ్యి అని ఆ సినిమాలో అబద్ధం చెప్పాను. ఇప్పుడు తీసేస్తాను."

బెరిత్ కళ్ళు మూసుకుంది. కంపెనీ లాయరు నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. అతని కంప్యూటర్లో ఏముందో అప్పుడు బయటపడింది. పాత టీవీ వాళ్ళ గోదాములోంచి ఆ సినిమా కత్తిరించని రీలు సంపాదించాడు మహానుభావుడు. రాయి ఇటు పెట్టు, అమ్మమ్మా నువ్వటు కూర్చో అని అక్క కేకలు అందులో ఉన్నాయట. మమ్మల్ని అబద్ధాలకోరుల్ని చేసి నిలబెడదామని తెచ్చుకున్నది, నేరం చేసినామె తనే ముందు చెప్పేసరికి చేతిలో ఉండిపోయింది. మేము నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే, ఊరుకుందామన్న నా సలహాకి నాకే సిగ్గేసింది.

అక్క మొదటి రాయి ఎత్తింది. ఏటి దాకా మోసుకెళ్ళి, గుంట వెతికి, పెట్టి, చుట్టూ మట్టి అదిమింది. రెండో రాయి. మూడో రాయికి మోకాలు పట్టేసి కూలబడింది. అధ్యక్షురాలు సాయం చేద్దామని అడుగు వేస్తే మామయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. ఆవిడ ఏమనుకుందో ఏమో, వెనక్కి తగ్గింది. తొమ్మిది రాళ్ళకీ గంట పైన పట్టింది. మసి మీద మట్టి కప్పి, నాచు తెచ్చి పరిచి, అరచేతుల్తో నిమిరి లేచేసరికి అక్క చేతులు నెత్తురోడుతున్నాయి. మొహం మాత్రం నేనెన్నడూ చూడనంత తేటగా ఉంది.

కంపెనీ లాయరు గొంతు సవరించుకున్నాడు. ఉన్న ఒక్క ఆనవాలూ అబద్ధమని తేలింది, అది కూడా ఇప్పుడు లేదు, ఇక ఈ లోయలో చూడాల్సింది ఏముంది అన్నాడు. అధ్యక్షురాలు పుస్తకం మూసింది. గుమస్తా సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు. బెరిత్ గడ్డి మీద కూర్చుండిపోయింది.

మామయ్య ఏటి కేసి చూస్తూ నిలబడ్డాడు. నాకు భయం వేసింది, ఇంత వరకు తెచ్చి ఈ ముసలాయన మమ్మల్ని నట్టేట ముంచుతాడేమో అని. ఆయన మనసులో వాళ్ళమ్మతో ఏ తగువు పెట్టుకున్నాడో, ఏం చెప్పి ఒప్పించాడో నాకు తెలియదు.

"ఎల్లే, తిరుగుతోందా అది?" అన్నాడు నా వైపు చూడకుండా.

తిరుగుతోందన్నాను.

"తిరగనీ."

కర్ర ఊతంగా మిట్ట దిగి, పొట్టి భూర్జ చెట్ల గుంపు వెనక్కి నడిచాడు. నలభై అడుగులుంటుందేమో. నేను వెంట వెళ్ళాను. చెట్ల చాటుకి రాగానే నా చెవుల్లో హోరు టక్కున ఆగిపోయింది. ఏటి చప్పుడు, మామయ్య ఊపిరి, ఒక పిట్ట. ముప్ఫయ్యేళ్ళు చెవులమ్ముకుని బతికినదాన్ని, నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. పొయ్యి పెట్టేది ఇక్కడే.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, నాచు పట్టిన ఒక మామూలు రాయి మీద చెయ్యి వేశాడు. దానితో ఏదో అన్నాడు. అది రికార్డయింది, కానీ ఇక్కడ రాయను. తర్వాత రెండు చేతులతో దాన్ని తిప్పాడు.

నల్లగా ఉంది. మామయ్య గుడారంలో చూసిన రాయి కంటే నల్లగా, నడుమ ఎర్రటి పగుళ్ళతో ఉంది. పక్కది తిప్పాడు. అదీ నలుపే. నాలుగోది తిప్పేసరికి అందరూ చుట్టూ మూగారు. ఒక్కొక్కటీ ఏ గుంటలోంచి వచ్చిందో ఆ గుంట అంచునే పెట్టాడు తప్ప పొయ్యిలా పేర్చలేదు. అధ్యక్షురాలు బురదలోనే మోకాళ్ళ మీద కూర్చుని వేలితో రాసి చూసింది. వేలికి మసి అంటింది. పైనున్న నాచు ఎంత మందంగా ఉందో రెండో చేత్తో తడిమింది. ఇంత నాచు పట్టాలంటే ఎన్నేళ్ళు కావాలి అని తనలో తను అనుకున్నట్టు మా భాషలోనే అంది.

అప్పుడు కంపెనీ లాయరు ముందుకి దూకాడు.

"ఆపండి. చట్టం ఉంది. నూరేళ్ళు దాటిన సామీల ఆనవాళ్ళని అనుమతి లేకుండా ఎవరూ కదిలించకూడదు. ఆ ముసలాయన్ని ఇంకో రాయి ముట్టుకోనివ్వకండి."

అధ్యక్షురాలు మెల్లగా తలెత్తింది.

"వేటిని కదిలించకూడదన్నారు?"

లాయరు మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పటికి అతనికి వినపడింది తను అన్నది. ఆవిడ గుమస్తాని పిలిచి, కంపెనీ తరఫు వారు ఇప్పుడన్న మాట ఉన్నదున్నట్టు రాసుకోమంది. గుమస్తా సర్దిన సంచి మళ్ళీ విప్పాడు. బెరిత్ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. కేసు వాదించడానికి మూడేళ్ళు చదివిన పిల్లకి అవతలి లాయరే ఒక ముక్క వాదించి పెట్టాడు.

అలాగని గెలిచేశామని సంబరపడకండి, నేనూ పడలేదు. ఒక్క పొయ్యి అంటే ఒక్క రాత్రి బసే కావచ్చని వాళ్ళంటారు. అధ్యక్షురాలు హెలికాప్టరుని వెనక్కి పంపి, మ్యూజియంలో పాతవాటిని పరీక్షించే మనిషిని రేపు పొద్దున్నే తీసుకురమ్మంది. ఆ మనిషి వచ్చేదాకా తనూ సభ్యులూ ఇక్కడి నించి కదలబోమంది. కంపెనీ లాయరు దూరంగా వెళ్ళి ఫోనులో ఎవరినో పురమాయిస్తున్నాడు. తెల్లారి మ్యూజియం మనిషి రాకముందే మొత్తం ఆపించే కాగితం పుట్టించకపోతే తన పేరు మార్చుకుంటానన్నాడు, గాలి వాటున నా చెవుల్లో ప్రతి ముక్కా పడింది. అక్కకి చెప్పాను. తెల్లారనీ చూద్దాం అంది, నెత్తురోడే చేతులు ఏట్లో కడుక్కుంటూ. పదకొండు సినిమాల్లో ఆ మాట ఆమె నోట నేను వినలేదు.

అవసరానికని ఉంచుకున్న గుడారాలు దించేసి హెలికాప్టరు లేచి వెళ్ళాక అధ్యక్షురాలు చుట్టూ చూసింది. లోయ నిండా ఎండ, గడ్డి, నాచు పట్టిన రాళ్ళు, ఎక్కడ చూసినా ఒక్కలాగే ఉన్నాయి. మామయ్య దగ్గరికి వచ్చి, తన జాగ్రత్త భాషలో అడిగింది.

"పెద్దాయనా, మా గుడారాలు ఎక్కడ వేసుకోమంటారు?"

మామయ్య లోయని ఆ చివరి నించి ఈ చివరి దాకా తీరిగ్గా చూశాడు.

"మీ ఇష్టం తల్లీ" అన్నాడు. "ఎక్కడ వేసుకున్నా మా వాళ్ళ పొయ్యి మీదే పడుకుంటారు."